షెడ్డులోని ఏనుగుకు వెల ఎంత?

పాత కార్ల మోజు ఈ మధ్య మన కుటుంబాల్లోకి కూడా వచ్చింది. పిల్లలు ఎక్కడెక్కడో స్థిరపడి, ఇల్లు కట్టడం, పెళ్లిళ్లు చేయడం అయిపోయి, చేతిలో రిటైర్మెంటు డబ్బు నాలుగు రాళ్లు ఉన్నవారికి "ఫలానా తోటలో తాతలనాటి అమెరికన్ కారు అమ్మకానికి ఉందట" అని కబురు అందితే చాలు, ఆ రాత్రి నిద్ర పట్టదు. "ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే" అని సామెత చెప్పేవాడు పక్కన ఒకడు తప్పకుండా ఉంటాడు. నేను చూసినంతలో ఆ సామెత చెప్పేవాడు దళారే అయి ఉంటాడు. ఏనుగు సంగతి నాకు తెలియదు గాని, కారు విషయంలో చచ్చినదానికీ బతికినదానికీ ధరలో చాలా తేడా ఉంది. అంతకంటే ఎక్కువ తేడా కాగితం ఉన్నదానికీ లేనిదానికీ ఉంది.

నేను మెకానిక్‌ను కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. ముప్పై ఏళ్లుగా పొలం పట్టాలు, ఇంటి దస్తావేజులు, నగలు, మిల్లు యంత్రాలు చూసి, వీటిమీద ఎంత అప్పు ఇవ్వవచ్చో నోటు రాయడమే నా పని. పాత కారు పక్కన నిలబడగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న "ఇంజను స్టార్టు అవుతుందా?" అని. నేను అన్నిటికంటే చివర అడిగేది అది. మొదట కాగితం, తర్వాత రేకు, ఆ తర్వాతే ఇంజను. ఎందుకని అలా అంటానో, నిరుడు కడంబత్తూరు దగ్గర చూసిన ఒక బండి సాక్షిగా చెబుతాను.

దూరాన ఉన్న మన పాఠకుల కోసం ఊరి సంగతి రెండు మాటల్లో. మద్రాసు నుంచి అరక్కోణం వెళ్లే లోకల్ రైల్లో తిరువళ్లూరు దాటి, ఏగాట్టూరు తర్వాత వచ్చే స్టేషను కడంబత్తూరు. ఇంకా ముందుకు, అరక్కోణం దాటి వెళితే తిరుత్తణి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు ఈ పక్క చాలా ఉన్నాయి. మోటారు కార్లు కూడా ఈ ఊరికి కొత్త కాదు. పక్కనే ఉన్న అదిగత్తూరు ఫ్యాక్టరీలో 1998 నుంచి హిందూస్థాన్ మోటార్స్ వారు మిత్సుబిషి లాన్సర్ కార్లు తయారు చేశారు. ఆ తర్వాత చేతులు మారి, 2021 నుంచి అక్కడ సిట్రోయెన్ కార్లు తయారవుతున్నాయి. కొత్త కార్లు పుట్టే ఆ ఫ్యాక్టరీకి నాలుగైదు మైళ్ల దూరంలో ఒక మామిడితోట, తోటలో పంపుసెట్టు గదిని ఆనుకొని ఒక రేకుల షెడ్డు, ఆ షెడ్డులో టార్పాలిన్ కింద 1949 నాటి కాడిలాక్ కూపే. అడిగిన ధర 35 లక్షలు.

కబురు వచ్చింది మా బావగారికి. ఆయన పదవీ విరమణ చేసి రెండేళ్లయింది. ప్రావిడెంట్ ఫండు, గ్రాట్యుటీ కలిపి డిపాజిట్లలో ఉన్నది ఆ 35 లక్షలకు కొంచెం పైన, అంతే. మా అక్కయ్య నాకు ఫోను చేసి, "నువ్వు కూడా వెళ్లరా తమ్ముడూ, ఆయన ఒక్కరే వెళితే చూసి రారు, కొని వస్తారు" అంది. అలా నేను ఈ వ్యవహారంలోకి వచ్చాను.

కూపే అంటే ఏమిటో ముందు చెప్పుకోవాలి. రైల్లో ఫస్టుక్లాసు ప్రయాణం చేసినవారికి ఈ మాట తెలుసు, ఇద్దరే పడుకొనే చిన్న గది. కార్లలోనూ అదే ఫ్రెంచి మాట, "కోసినది" అని అర్థం. పెద్ద బండిని వెనక కొంత కోసి, నాలుగు తలుపులకు బదులు రెండే పొడుగాటి తలుపులు పెట్టి, నడిపేవాడి సరదా కోసం కట్టిన బండి అన్నమాట. ఆ రోజుల్లో మన దేశంలో కారు కొనగలిగినవాడికి డ్రైవరు ఉండేవాడు, ఇంట్లో కనీసం ఎనిమిదిమంది ఉండేవారు. వెనక సీటులోకి వంగి దూరవలసిన బండి ఎవరికి కావాలి? అందుకే మన దగ్గర అమెరికన్ కార్లలో నాలుగు తలుపుల సెడాన్లే ఎక్కువ కనిపిస్తాయి, కూపేలు బహు తక్కువ. పైగా 1950ల మధ్యకల్లా బొంబాయిలో కార్లు బిగించే జనరల్ మోటార్స్, ఫోర్డ్ కంపెనీలు మన దేశంలో దుకాణం కట్టేశాయి. దేశంలోనే క్రమంగా తయారు చేసే పథకం ఉన్నవారే ఉండాలని ప్రభుత్వం తేల్చింది మరి. ఆ తర్వాత విదేశీ కారు రావడమే గగనమైపోయింది. దౌత్య కార్యాలయాల వారు వాడి వదిలేసిన కార్లు స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ ద్వారా అమ్మకానికి వచ్చేవి. కాబట్టి మీకు ఎవరైనా పాత అమెరికన్ కారు చూపిస్తే, అది ఏ దారిన దేశంలోకి వచ్చింది అన్నది మొదటి ప్రశ్న కావాలి. దానికి జవాబు కాగితం మీద ఉండాలి, దళారి నోట కాదు.

1949 కాడిలాక్‌కు ఒక ప్రత్యేకత ఉంది. ఆ ఏడాదే ఆ కంపెనీ 331 ఘనపుటంగుళాల కొత్త వి-8 ఇంజను తెచ్చింది, అంటే 5.4 లీటర్లు, 160 గుర్రాల శక్తి. వాల్వులు పైన ఉండే ఈ ఇంజను పాతదానికంటే చిన్నది, తేలిక, అయినా బలం ఎక్కువ. అమెరికాలో మోటార్ ట్రెండ్ పత్రిక మొట్టమొదటి "ఈ ఏటి కారు" బహుమతి ఇచ్చింది ఈ బండికే. మరుసటేడు, 1950లో, ఫ్రాన్సులో లెమాన్స్ 24 గంటల పందెంలో ఇదే ఇంజను ఉన్న కాడిలాక్ కూపే ఒకటి పదో స్థానంలో వచ్చింది. ఇంటికి కూరగాయలు తెచ్చుకోవడానికి కొన్న బండి కుస్తీ పోటీలో నెగ్గుకొచ్చినట్టు!

ఆ ఏడాది పుట్టిన ఇంకొక పేరు "కూపే డి విల్". కిటికీ అద్దాలు రెండూ దించితే మధ్యలో స్తంభం ఉండదు, పక్క అంతా ఖాళీగా తెరుచుకుంటుంది. 1949లో అవి 2,150 మాత్రమే తయారయ్యాయి. అమెరికాలో ధర 3,497 డాలర్లు. బ్యాంకువాణ్ణి కాబట్టి ఒక లెక్క చెప్పకుండా ఉండలేను. ఆ ఏడాది సెప్టెంబరులో రూపాయి విలువ తగ్గించారు. అంతకుముందు డాలరు 3 రూపాయల 31 పైసలు ఉండగా ఈ కారు ఖరీదు సుమారు 11,600 రూపాయలు. తగ్గించాక డాలరు 4 రూపాయల 76 పైసలైంది, అదే కారు 16,600 దాటింది. ఓడ కిరాయి, సుంకం వేరే. ఒక్క నెల ఆలస్యం చేసిన ఆసామి కారు ఎక్కకుండానే ఐదు వేలు పోగొట్టుకున్నాడు.

మా దళారి తోటలో అడుగుపెట్టగానే "కూపే డి విల్ సార్, ఇండియాలో ఇంకొకటి లేదు" అన్నాడు. బానెట్ ఎత్తి లోపలి గోడకు బిగించిన చిన్న రేకు పలకను గుడ్డతో తుడిచాను. కాడిలాక్ బాడీ కట్టే ఫిషర్ కంపెనీ వారి పలక అది. అందులో స్టైల్ నంబరు ఉంటుంది. కూపే డి విల్ అయితే 6237 అని ఉండాలి. ఇక్కడ ఉన్నది 6207, అంటే క్లబ్ కూపే. కప్పు మీది నుంచి వీపు జారుడుబల్లలా కిందికి వాలి ఉండటం, అద్దం దించినా స్తంభం నిలబడే ఉండటం కళ్లకు కూడా కనిపిస్తూనే ఉంది. నా కంటికి ఇదే అందంగా ఉంది, అది వేరే సంగతి. ధరలో మాత్రం రెండిటికీ తేడా ఉంది. ఆ పలక చూపించగానే దళారి "పలకలు మారుస్తుంటారు సార్" అన్నాడు. పలక మార్చి ఉంటే అది మరీ భయపడవలసిన విషయం కదా!

ఇక కాగితాలు. తోట సొంతదారు ఒక పెద్దావిడ, డెబ్బై ఐదు దాటి ఉంటాయి. ట్రంకుపెట్టెలోంచి పాత ఆర్.సి. పుస్తకం తెచ్చి ఇచ్చారు. బట్ట బైండు, లోపల గోధుమరంగు కాగితం. 1950 జనవరిలో మద్రాసులో మొదటి రిజిస్ట్రేషను. ఇంజను నంబరు 4962తో మొదలవుతోంది. ఆ కాలపు కాడిలాక్‌లో ఇంజను నంబరే బండి నంబరు. మొదటి రెండంకెలు సంవత్సరం, తర్వాతి రెండు సిరీస్. 49, 62. అంతవరకు పుస్తకం నిజమే చెబుతోంది. 1957లో ఆవిడ మామగారి పేరిట మారినప్పుడు రాసిన చిరునామా "తిరుత్తణి తాలూకా, చిత్తూరు జిల్లా, ఆంధ్రప్రదేశ్" అని ఉంది. దాని తర్వాతి పేజీలో అదే ఇల్లు "చెంగల్పట్టు జిల్లా, మద్రాసు రాష్ట్రం". ఇది దొంగ పుస్తకమేమో అని ఆవిడ కొడుకులకే అనుమానమట. దళారి ఆ అనుమానాన్ని పెంచి పోషించాడు, ధర దింపడానికి.

మన పాఠకులలో పెద్దవారికి ఇది చెప్పనక్కర్లేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు తిరుత్తణి చిత్తూరు జిల్లాతో పాటు ఆంధ్రలోకి వెళ్లింది. పటాస్కర్ సిఫార్సుల మీద 1959లో చట్టం చేసి, 1960 ఏప్రిల్ 1 నుంచి మద్రాసు రాష్ట్రానికి ఇచ్చారు. ఇల్లు కదలలేదు, సరిహద్దు కదిలింది. ఆ రెండు చిరునామాలు పుస్తకం నకిలీ అనడానికి కాదు, అసలుది అనడానికే సాక్ష్యం. నకిలీ రాసేవాడికి ఇంత చరిత్ర తెలియదు. నేను ఇది చెప్పినప్పుడు పెద్దావిడ ముఖం వికసించింది. "మా మామగారు రెండు రాష్ట్రాల్లోనూ పన్ను కట్టాము అనేవారు నాయనా" అన్నారు.

కాగితంలో అసలు లోపం ఇంకొకచోట ఉంది. పుస్తకంలో ఆఖరి పేరు ఆవిడ భర్తది. ఆయన పోయి పదకొండేళ్లు. పోయినవారి పేరిట ఉన్న బండిని భార్య అయినా సరే నేరుగా అమ్మడానికి లేదు. ముందు వారసత్వ సర్టిఫికేట్ తెచ్చి, 31వ నంబరు ఫారంతో వారసుల పేరిట మార్చుకోవాలి. ఆ తర్వాతే అమ్మకానికి 29, 30 ఫారాలు. కొడుకులు ఇద్దరు, ఒకరు బెంగుళూరులో, ఒకరు మస్కట్‌లో. ఇద్దరి సమ్మతీ కావాలి. "ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టించి ఇచ్చేస్తాను, మీరు తర్వాత చూసుకోండి" అని దళారి. ఇలాంటి ఖాళీ ఫారాల మీద కోర్టుకెక్కిన వ్యవహారాలు బ్యాంకులో ఎన్ని చూశానో!

రేకు సంగతికి వద్దాం. నగ తెస్తే బ్యాంకులో గీటురాయి మీద గీస్తారు. కారుకు గీటురాయి చిన్న అయస్కాంతం. పలచని గుడ్డ చుట్టి ఒళ్లంతా ఆనిస్తూ పోవాలి. రేకు ఉన్నచోట పట్టుకుంటుంది, పుట్టీ మెత్తినచోట జారి పడుతుంది. మెరిసే పెయింటు చూసి మోసపోకూడదు, పైన పటారం లోన లొటారం అంటే ఇదే. ఈ బండికి మెరిసే పెయింటు లేకపోవడం మాకు మేలైంది. వెలిసిపోయిన నీలంరంగు కింద అయస్కాంతం దాదాపు అంతటా పట్టుకుంది, కుడివైపు వెనక మడ్‌గార్డు మీద తప్ప. కడంబత్తూరు సముద్రానికి దూరం కావడం కూడా కలిసి వచ్చింది. మద్రాసు తీరంలో ఇన్నేళ్లు ఉంటే ఉప్పుగాలి ఈ పాటికి తినేసి ఉండేది.

కూపేలో ప్రత్యేకంగా చూడవలసింది తలుపులు. సెడాన్ తలుపు కంటే చాలా పొడుగు, బరువు. కీళ్లు అరిగితే తెరవగానే చివర కిందికి జారుతుంది, మూసేటప్పుడు ఎత్తి వేయాలి. కీలు అరిగితే బాగుచేయవచ్చు. మూసిన తలుపు చుట్టూ సందు ఒకచోట వేలు పట్టేంతా, ఇంకొకచోట కాగితం పట్టనంతా ఉంటే మాత్రం అనుమానం చాసిస్ మీద పెట్టుకోవాలి. చాసిస్ వంగిన బండిని నేనైతే ఊరికే ఇచ్చినా తీసుకోను. తర్వాత కార్పెట్టు ఎత్తి నేల చూడాలి. మద్రాసు చుట్టుపక్కల కొనేవారు సీట్ల కింద, తలుపుల అడుగున ఎండిన బురద గీత ఉందేమో కూడా చూడాలి. 2015 డిసెంబరు వరదల్లో మునిగిన బండ్లు కడిగి అమ్మినవి చాలా ఉన్నాయి. ఇక్కడ నేల గట్టిగానే ఉంది. డిక్కీలో మాత్రం చేయి దూరేంత చిల్లు.

కొనేవారు తక్కువ అంచనా వేసే ఖర్చు క్రోమియం పూతది. బంపర్లు, ముందు జాలీ, అద్దాల చుట్టూ పట్టీలు, దీపాల చట్రాలు, ఇలా ఆ కాలపు అమెరికన్ బండి మీద ఉన్నంత మెరుపు పెళ్లిమంటపంలో కూడా ఉండదు. ఉక్కు మీది పూతను గీకి మళ్లీ వేయవచ్చు. చిన్న అలంకారాలు కొన్ని జింకు మిశ్రమంతో పోతపోసినవి. అవి లోపలినుంచి పొక్కితే మన దగ్గర బాగుచేసేవారు అరుదు. ఒక్క ముక్క తగ్గినా అమెరికా నుంచే తెప్పించుకోవాలి.

బండి చుట్టూ తిరుగుతుండగా బావగారు పెట్రోలు మూత ఎక్కడ అని వెతికారు. ఎక్కడా లేదు. దళారికి తెలియదు. పెద్దావిడ నవ్వుతూ వెనక్కి వెళ్లి, ఎడమవైపు తోకదీపం కింద చేత్తో నొక్కి పైకి ఎత్తారు. దీపం తలుపులా లేచింది, లోపల మూత! కాడిలాక్ వారు 1941 నుంచి అలా దాచిపెట్టారు. "కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మా ఆయన నాకు చూపించిన మొదటి వింత ఇది" అన్నారు ఆవిడ.

అప్పుడు ఇంజను దగ్గరకు వెళ్లాం. ఉన్నది వి-8 కాదు. నాలుగు సిలిండర్ల పెర్కిన్స్ డీజిలు. 1970లలో పెట్రోలు ధర మండిపోయినప్పుడు మద్రాసులో పెద్ద అమెరికన్ కార్లకు చాలామంది చేసిన పని ఇదే. మన సెంబియంలో సింప్సన్ వారు పెర్కిన్స్ ఇంజన్లు చేస్తుండగా దొరకడమూ తేలికే. డాడ్జి, ప్లిమత్ టాక్సీలు ఆ గుండెతోనే ఏళ్లకేళ్లు బతికాయి. తప్పు పట్టనక్కర్లేదు. కాని పుస్తకంలో ఈ మార్పు ఎక్కించలేదు. ఇంజను మారిస్తే ఆర్.టి.ఓ. దగ్గర రాయించాలి. ఇక్కడ పుస్తకంలో ఒక నంబరు, బండిలో ఇంకొకటి. ఇంజనుతోపాటు ఆటోమేటిక్ గేరుబాక్సు కూడా తీసేసి లారీ తరహా గేర్లు పెట్టారు. ఇంతవరకు చూశాక నా మనసులో నోటు దాదాపు రాసేశాను: సిఫార్సు చేయలేము.

పంపుసెట్టు గదిలో ఎరువు బస్తాల వెనక ఏదో పెద్ద ఇనుపముద్ద ఉంది, గోనెసంచులు కప్పి. దళారి బావగారి చెవిలో, "ఆ తుక్కు కూడా ఊరికే వేయించుకుంటాను సార్, పాత ఇనుము వాడు కిలోల లెక్కన అడిగాడట" అన్నాడు. గోనె తీసి చూశాం. వి ఆకారంలో రెండు వరుసలు, నాలుగేసి సిలిండర్లు. బ్లాకు మీద తుప్పును కిరోసిను గుడ్డతో రుద్దితే అంకెలు బయటపడ్డాయి, 4962. తర్వాతి అంకెలు పుస్తకంతో ఒక్కొక్కటీ సరిచూశాను. అన్నీ కలిశాయి.

బావగారు నా మోచెయ్యి పట్టుకొని, "ఇప్పుడేమీ అనకు బావా" అన్నారు. ఆయన ఉద్దేశం చెడ్డదని నేను అనను. బేరంలో ఎవరైనా అలాగే అంటారు. కాని ఆ ముద్ద ఇనుము కాదు, ఆ బండికి దస్తావేజు. అది లేకపోతే షెడ్డులో ఉన్నది డీజిలు ఇంజను పెట్టిన పాత బాడీ. అది ఉంటే 1949 కాడిలాక్. డెబ్బై ఐదేళ్ల మనిషి దగ్గర తెలియనివ్వకుండా దాన్ని తుక్కు కింద తీసుకోవడం నాకు ఇష్టం లేదు. ఇష్టాయిష్టాలు పక్కన పెట్టినా, రేపు కొడుకులకు తెలిసిన రోజున వారసుల ఫారం మీద సంతకాలు ఎవరు పెడతారు? అందుకని ఆవిడతోనే చెప్పాను: "అమ్మా, ఇది కిలోల లెక్కన ఎవరికీ ఇవ్వకండి. మీ పుస్తకంలో ఉన్న నంబరు దీని మీదే ఉంది. మాకు అమ్మినా, ఇంకెవరికి అమ్మినా, కాగితంలో దీన్ని వేరుగా రాయించండి." ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఆయన దీన్ని ఎవరినీ తాకనిచ్చేవారు కాదు. ఎందుకో నాకు చెప్పలేదు" అన్నారు. దళారి ఆ తర్వాత మాతో సరిగా మాట్లాడలేదు.

అసలు ఇంజనుకు ఇంత విలువ ఎందుకంటే, 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం వింటేజి వాహనాల రిజిస్ట్రేషనుకు వేరే నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్లు దాటి ఉండాలి, మొదటి రూపంలోనే ఉండాలి, చాసిస్‌లో గాని బాడీలో గాని ఇంజనులో గాని పెద్ద మార్పు ఉండకూడదు. కొత్తగా నమోదుకు రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, మళ్లీ చేయించుకోవడానికి 5,000. నంబరులో "వి.ఎ." అనే అక్షరాలు వస్తాయి. ఇప్పటికే రిజిస్ట్రేషను ఉన్న బండి పాత నంబరు ఉంచుకోవచ్చు. రోజూ ఆఫీసుకు వెళ్లడానికి, అద్దెకు తిప్పడానికి వీల్లేదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు తీసుకెళ్లవచ్చు. పెర్కిన్స్ ఉన్నంతకాలం ఈ బండి ఆ గుమ్మం తొక్కడం కష్టం. తమాషా ఏమిటంటే "వింటేజి" అనే మాటకు ఒక్కొక్కరిది ఒక్కొక్క అర్థం. ఇంగ్లండు క్లబ్బుల వారికి 1919 నుంచి 1930 వరకు తయారైనవే వింటేజి. 2002 నాటి మన ఇన్సూరెన్సు టారిఫ్‌లో 1940 డిసెంబరు 31కి ముందువి. ప్రభుత్వానికి 50 ఏళ్లు. మా కాడిలాక్ మూడో లెక్కలో మాత్రమే పాసవుతుంది. ఇన్సూరెన్సు చేయించేటప్పుడు "వింటేజి కదా" అని ఊరుకోకుండా, పోతే ఎంత ఇస్తారో ముందే ఒప్పుకున్న విలువ పాలసీలో రాయించుకోవాలి. ఇంకొకటి, స్టీరింగు ఎడమవైపు ఉన్న బండికి పనిచేసే సిగ్నలు పరికరం ఉంటేనే రోడ్డెక్కవచ్చని మోటారు వాహనాల చట్టం 120వ సెక్షను చెబుతోంది. ఈ బండి ఎడమ స్టీరింగుదే. ఎడ్లబండిని దాటాలన్నా పక్కన కూర్చున్నవారు తొంగిచూసి చెప్పాలి. అక్కయ్యకు ఆ ఉద్యోగం ఖాయం అనుకున్నాం.

ఇక వెల. కొత్తగా ఇల్లు సగం కట్టి ఆపేసినవాడు అప్పుకు వస్తే బ్యాంకులో మేము చేసే లెక్కే ఇక్కడా చేశాను. పూర్తయితే ఎంత చేస్తుంది, పూర్తి చేయడానికి ఎంత అవుతుంది, ఎన్నాళ్లు పడుతుంది. మద్రాసులో పాత కార్లు బాగుచేసే మేస్త్రీలు ఇద్దరినీ, చేతుల మీద రెండు మూడు బండ్లు నడిచిన పెద్దమనిషి ఒకరినీ అడిగాం. అన్నీ సరిగ్గా ఉన్న క్లబ్ కూపే 45 లక్షల వరకు పలకవచ్చని పెద్దమనిషి అంచనా. ఇంజను విప్పి పిస్టన్లు, బేరింగులు తెప్పించి కట్టడానికి 8 లక్షలు, అమెరికా నుంచి గేరుబాక్సు, ఓడ కిరాయి, సుంకం 5, రేకుపని, పెయింటు 6, పూత 4, సీట్లు, రబ్బర్లు, వైరింగు, అద్దాలు 4. మొత్తం 27. మిగిలింది 18. ఇలాంటి పనుల్లో మేస్త్రీ చెప్పిన దానికి నాలుగో వంతు కలపడం నా అలవాటు, ఇంటిపని చేయించినవారెవరికైనా ఎందుకో తెలుసు. రెండు మూడేళ్లు డబ్బు కదలకుండా ఉంటుంది, ఆ వడ్డీ ఉంది. అవి కాస్త తీస్తే 10 లక్షలకు దిగువకు పోతుంది. దానికీ 35కూ మధ్య ఆకాశానికీ భూమికీ ఉన్నంత దూరం. "అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" అని పెద్దావిడ నిట్టూర్చారు. నేను ఆ లెక్క కాగితం ఆవిడకే ఇచ్చి, కొడుకులకు చూపించమన్నాను.

బ్యాంకు అప్పు దొరుకుతుందా అని చాలామంది అడుగుతారు. పాత కార్ల అప్పులకు బ్యాంకులు మామూలుగా బండి వయసుకు పరిమితి పెడతాయి, 1949 బండి ఆ దరిదాపుల్లోకి రాదు. వ్యక్తిగత రుణం తీసుకొని కొంటే వడ్డీ వాచిపోతుంది. అంటే సొంత డబ్బు, అదీ పోయినా సంసారం నడిచే డబ్బు అయి ఉండాలి. "కొన్నాళ్లు ఉంచి లాభానికి అమ్ముతాను, సొంత కారుకు పన్ను లేదుగా" అనేవారికి ఒక కేసు చెబుతాను. 1983లో 20,000 రూపాయలకు కొన్న 1931 ఫోర్డ్ టూరర్‌ను ఒకాయన తర్వాత 21 లక్షలకు అమ్మారు. సొంత వాడకపు వస్తువు కాబట్టి లాభం మీద పన్ను లేదన్నారు. వాడినట్టు రుజువేది అని ఆదాయపు పన్నువారు అడిగారు. 2025లో బొంబాయి హైకోర్టు కూడా పన్నువారి పక్షమే తీర్పు చెప్పింది. వాడటానికి వీలుగా ఉంటే చాలదు, నిజంగా వాడి ఉండాలి అని. కాబట్టి కొన్నవారు పెట్రోలు బిల్లులు, ఇన్సూరెన్సు రసీదులు పారేయకుండా ఒక ఫైలులో పెట్టుకోవాలి.

మీకు ఎదురయ్యేది కాడిలాక్ కాకపోవచ్చు. ప్యాకార్డ్ అయితే ఆ పేరుతో కార్లు 1958తో ఆగిపోయాయి, సామాను వెతకడం ఇంకా కష్టం. ఆ కాలపు ప్యాకార్డులో, ఫోర్డులో ఆరు వోల్టుల బ్యాటరీ, పైగా పాజిటివ్ తీగ బాడీకి కలుస్తుంది. మన మెకానిక్ అలవాటు చొప్పున తిప్పి కలిపితే పొగ వస్తుంది. చిన్న సామాను కోసం మొదట పుదుపేట, జనరల్ ప్యాటర్స్ రోడ్డు తిరగండి. కడంబత్తూరు పక్కన కూవం గ్రామం దగ్గర మొదలయ్యే ఏరే ఆ పుదుపేట వెనకనుంచి పారుతుంది. మన ఏటి నీళ్లు వెళ్లినచోటికే మన కారు సామాను కోసం వెళ్లడం, ఏమనుకోవాలి!

కొనే ముందు పూర్తి బండి ఎలా ఉంటుందో ఒకసారి కళ్లారా చూడాలి. వడపళనిలో ఏ.వి.ఎం. స్టూడియో ఆవరణలో 2023లో తెరిచిన హెరిటేజ్ మ్యూజియంలో పాత కార్లు ఉన్నాయి. వీలైతే కోయంబత్తూరు వెళ్లి జి.డి. నాయుడుగారి ట్రస్టు వారి కార్ల మ్యూజియం చూడండి. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి-పళని మధ్య సర్వీసు మొదలుపెట్టిన మన తెలుగు కుటుంబపు మనిషి ఆయన. మా బావగారిని ముందు అక్కడికే తీసుకెళ్లాను. వచ్చాక ఆయన ధర మాట ఎత్తడం తగ్గింది, తలుపు సందుల మాట ఎత్తడం ఎక్కువైంది.

చివరకు బావగారు 11 లక్షలు చెప్పారు. వి-8 ఇంజనును నంబరుతో సహా అమ్మకపు కాగితంలో వేరే పంక్తిగా రాయాలి, పెర్కిన్స్ తీసి ఆవిడకే వదిలేయాలి, అది పంపుసెట్టుకు పనికొస్తుంది. వారసత్వ సర్టిఫికేట్ వచ్చేదాకా అడ్వాన్సు కూడా లేదు, డబ్బంతా బ్యాంకు ద్వారానే. బెంగుళూరు కొడుకు సరే అన్నాడు. మస్కట్ కొడుకు లెక్క కాగితం చూసి, రేకుపని 6 లక్షలు ఎందుకవుతుందని నాకు ఫోను చేశాడు, గంటసేపు మాట్లాడాం. అతను సంక్రాంతికి వచ్చి డిక్కీలోని చిల్లు తనే చూస్తానన్నాడు. ఈలోగా మేస్త్రీ ఒకరు తోటకు వెళ్లి, వి-8ను మట్టిమీది నుంచి ఎత్తి చెక్కదిమ్మెల మీద పెట్టి, ప్లగ్గులు విప్పి, ఎనిమిది రంధ్రాల్లోనూ నూనె పోసి వచ్చాడు. నెల తర్వాత క్రాంకు తిరుగుతుందేమో చూస్తారట.